మర్ఫాకు ఇంటిపేరు పెట్టేవాళ్లకు

హైదరాబాద్ వారసత్వం గురించి సభల్లో మాట్లాడేవాళ్లకు ఈమధ్య ఒక వాదం బాగా అలవాటైంది. పెళ్లి బరాత్‌ల ముందు మోగే మర్ఫా యెమెన్ అరబ్బుల సంగీతమట. అందులో ఆఫ్రికాది అంటూ ఏమీ లేదట. ఒకవేళ ఏదైనా ఉండి ఉంటే నిజాం గారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌తో పాటే అదీ పోయిందట. ఇవాళ స్టీలు బిందెలూ ప్లాస్టిక్ మూత బిగించిన వాయిద్యాలూ పట్టుకుని కుర్రాళ్లు చేసేది కళే కాదు, ఒట్టి గోల అట. వినేవాళ్లు తలూపుతున్నారు. ఊపకేం చేస్తారు, ఈ మాటల్లో ప్రతి దానిలోనూ పిసరంత నిజం ఉంది మరి. ఆ పిసరును అడ్డం పెట్టుకుని మిగతాదంతా నెట్టుకొస్తున్నారు కాబట్టే దీన్ని విడదీసి చూడాల్సి వచ్చింది.

ఒప్పుకోవాల్సినవి ముందే ఒప్పుకుంటాను. మర్ఫా, దఫ్ అనే పేర్లు అరబ్బు దేశాల నుంచి వచ్చినవే. యెమెన్ దక్షిణ తీరంలోని హద్రమౌత్ నుంచి అసఫ్‌జాహీల కాలంలో సైనికులుగా వచ్చినవాళ్లు, మనం చావుష్‌లని పిలిచేవాళ్లు, ఆ డప్పుల్నీ ఆ దరువుల్నీ వెంట తెచ్చుకున్నారు. వాళ్ల బ్యారక్‌లు ఉన్నచోటే బార్కస్ అయింది. జంబియా అనే వంకీ కత్తి పట్టుకుని చేసే నృత్యం కూడా అటు నుంచి వచ్చిందే. వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను కాదనను. నాకు పేచీ ఉన్నది వీటి నుంచి వాళ్లు తీస్తున్న తీర్పుతో. అరబ్బులది కాబట్టి ఆఫ్రికాది కాదు అనే ఆ 'కాబట్టి' దగ్గర.

పటం ముందు పెట్టుకుని హద్రమౌత్ ఎక్కడుందో చూడండి. అడ్డంగా ఏడెన్ సింధుశాఖ, దాటితే సోమాలియా. శీతాకాలపు గాలి ఎత్తితే తెరచాప ఓడలు లాము, మొంబాసా, జాంజిబార్ దాకా దిగిపోయేవి, నైరుతి గాలి తిరిగితే మళ్లీ పైకి వచ్చేవి. వందల ఏళ్ల పాటు హద్రమౌత్ మనుషులు అక్కడ వ్యాపారాలు చేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, స్థిరపడ్డారు. అటు మనుషులు ఇటూ వచ్చారు. కొందరు నావికులుగా, కొందరు సిపాయిలుగా, చాలామంది బానిసలుగా. ఆ బానిసత్వాన్ని దాచి 'సముద్ర సంబంధాలు' అని మెత్తగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఒమాన్‌లో, ఎమిరేట్స్‌లో ఇప్పటికీ ఆడే లీవా నృత్యం, దాని పెద్ద డప్పులు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చాయని అక్కడి అరబ్బులే చెబుతారు. చెప్పడానికి వాళ్లకు లేని మొహమాటం ఇక్కడ మన వక్తలకు ఎందుకు? ఒడ్డున పుట్టిన దరువుకు ఒకే ఒడ్డు రాసిచ్చేయడం చరిత్ర తెలిసినవాళ్లు చేసే పని కాదు.

సరే, సముద్రం సంగతి పక్కన పెడదాం. హైదరాబాద్‌లో మర్ఫాను భుజాన మోసినవాళ్లు ఎవరు? నాంపల్లి స్టేషన్ నుంచి రెడ్‌హిల్స్ మీదుగా మాసబ్‌ట్యాంక్ వైపు వెళితే ఏసీ గార్డ్స్ వస్తుంది. కొత్తగా ఊరొచ్చినవాళ్లు అదేదో ఎయిర్ కండిషనర్ల వ్యవహారం అనుకుంటారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళం పేరే పొట్టిదై పేటకు మిగిలింది. ఈ దళం కథ వనపర్తి సంస్థానంలో మొదలవుతుంది. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికన్లతో కూర్చిన అంగరక్షక దళం ఉండేది. అది నిజాం కొలువుకు చేరింది, గుర్రాలెక్కి ఊరేగింపుల్లో ముందు నడిచింది. అంటే ఈ ఆఫ్రికా సిపాయిలు మన దగ్గరికి వచ్చింది ఒక తెలుగు సంస్థానం గడప మీదుగా. పాలమూరు చరిత్ర చెప్పేవాళ్లు కూడా ఈ ముక్కను పెద్దగా ఎత్తరు, ఎందుకో.

1948 పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం విడిపోయింది, దానితో ఈ దళమూ. జీతాలు ఆగాయి, గుర్రాలు పోయాయి. పేటలో మనుషులు మిగిలారు. సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికా సంతతి కుటుంబాల్లో కొందరికి అంతదాకా పండక్కీ పబ్బానికీ మోగించుకునే మర్ఫానే కూడు పెట్టే పని అయింది. పెళ్లిళ్లకు పిలిచారు, వెళ్లారు. తర్వాత ఎన్నికల విజయోత్సవాలకు పిలిచారు, వాటికీ వెళ్లారు. నగరంలో మర్ఫా ఇంటింటికీ తెలిసిన మోత కావడానికి చావుష్‌లు ఎంత కారణమో ఏసీ గార్డ్స్ సిద్దీలు అంత కారణం. దళం రద్దయిందని ప్రభుత్వం కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం చూసి కళ కూడా రద్దయిందనడం, కచేరీ మూసేస్తే గుమాస్తాలు కూడా చచ్చిపోయారన్నట్టుంది.

'సిద్దీలైనా అరబ్బులైనా ఒకటే, అంతా ముస్లింలే కదా' అనే మాట కూడా ఈ వాదం వెనక దాక్కుని ఉంటుంది. ఇంత బద్ధకం చట్టం కూడా చేయలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టం చూడండి. బీసీ-ఈ జాబితాలో 'సిద్ది, యాబ, హబ్షి, జాసి' అని పేరు పెట్టి చేర్చారు. అదే చట్టం అరబ్బుల్ని పేరు పెట్టి మినహాయించింది. రాష్ట్రానికి వీళ్లు వేరు, వాళ్లు వేరు అని అప్పుడే తెలుసు. వేదికల మీది మేధావులకు ఇప్పటికీ తెలియకపోతే అది వాళ్ల చదువుకు సంబంధించిన సమస్య. ఇథియోపియా నుంచి అబాబు మిండా యిమెనె అనే పరిశోధకుడు వచ్చి హైదరాబాద్ సిద్దీల మీద 2004లో ఏకంగా ఒక పుస్తకం అచ్చువేశాడు. అంత దూరం నుంచి ఆయన రాగలిగాడు, లక్డీకాపూల్ దాటి మనం వెళ్లలేకపోయాం.

పేరు అరబ్బీ కాబట్టి కళ అరబ్బులది అనే తర్కాన్ని మిగతాచోట్ల కూడా వాడమనండి, చూద్దాం. వయొలిన్ ఐరోపాది. పేరూ వాళ్లదే, కమానూ వాళ్లదే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించింది ఐరోపా సంగీతమని ఎవరైనా అనగలరా? గన్‌ఫౌండ్రీ, అబిడ్స్ వైపు ఉన్న హస్తకళల ఎంపోరియంలలో బిద్రీ పళ్లెం కొని ఢిల్లీ అతిథికి హైదరాబాద్ జ్ఞాపికగా ఇస్తాం. ఆ పనితనం ఇరాన్ వైపు నుంచి బహమనీల కాలంలో దిగిందనే చెప్పుకుంటాం. బీదర్ కర్ణాటకలో ఉంది. అయినా బిద్రీ మనదే. అబిడ్స్ అనే పేరే ఆరో నిజాం దగ్గర పనిచేసిన అబిడ్ అనే ఆర్మేనియా యూదుడిది. రోడ్డుకు ఆయన పేరు ఉండటం వల్ల ఆదివారం పుస్తకాల సంత ఆర్మేనియాది అయిపోలేదు. ఇన్నిటికి పనికిరాని సూత్రం ఒక్క సిద్దీల దగ్గరికి వచ్చేసరికే ఎందుకు పదునెక్కుతుందో నాకు తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు. నల్లటి మనిషి చేతిలో ఉన్నది అతను ఎక్కడినుంచో తెచ్చుకున్నదో, ఇంకెవరి దగ్గరో నేర్చుకున్నదో అయి ఉండాలి, సొంతంగా చేసినది మాత్రం కాకూడదు. ఆ అనుమానం చాలా పాతది.

ఈ లెక్క తప్పని తెలియడానికి ఆఫ్రికా దాకా పోవాలి, మన చీరాల మగ్గం మీదుగా. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అని ఎగుమతి లోకంలో పేరుబడ్డ గళ్ల రుమాలు గుడ్డ ఉంది. పేరుకు మద్రాసు. నేసినవాళ్లలో చీరాల, పేరాల చుట్టుపక్కల చేనేతవాళ్లు ముఖ్యులు. ఇక్కడ దాన్ని కట్టుకున్నవాళ్లు తక్కువ. అది పడమటి ఆఫ్రికాకు, అందులోనూ నైజీరియాకు పోయేది. అక్కడ నైజర్ నది సముద్రంలో కలిసే చోట, మడ అడవుల మధ్య కాలువల్లో కలబరి అనే జనం ఉంటారు. వాళ్లకు ఈ గుడ్డ ప్రాణం. ఇంజిరి అంటారు దాన్ని. తరతరాలుగా పెట్టెల్లో దాచుకుంటారు, ఇంటి పెద్ద చనిపోతే పడకను ఆ గుడ్డలతోనే అలంకరిస్తారు.

అలా దాచుకోవడంతో వాళ్ల పని అయిపోలేదు. కలబరి ఆడవాళ్లు ఆ గళ్ల గుడ్డను ఒళ్లో పరుచుకుని, బ్లేడుతోనో చిన్న చాకుతోనో కొన్ని పోగుల్ని ఎత్తి, కోసి, లాగేస్తారు. ఏ పోగు ఉంచాలో ఏది తీయాలో లెక్క ఉంటుంది. లేతరంగు దారాలు పోతే ముదురు రంగు మిగులుతుంది, మధ్యలో సన్నటి ఖాళీలు పడతాయి, చీరాల గడి కరిగిపోయి దాని బదులు ఇంకో నమూనా తేలుతుంది. వెలుగుకు ఎదురుగా పడితే జాలీలా కనిపిస్తుంది. పెలెటె బిటె అంటారు. నమూనాలకు వాళ్ల పేర్లు వాళ్లకున్నాయి. అంటే మన నేతగాడు గంటల తరబడి కూర్చిన పోగును ఆమె గంటల తరబడి తీసేస్తుంది. అలా తీసేశాకే అది కలబరి గుడ్డ అవుతుంది, దాన్ని కట్టుకున్నవాడు కలబరివాడు అవుతాడు. జోఆన్ ఐకర్ అనే అమెరికా పండితురాలు, కలబరివాడే అయిన టోన్యె ఎరెకోసిమా అనే పండితుడు కలిసి ఈ గుడ్డ మీద ఏళ్ల తరబడి రాశారు. పరాయి వస్తువు ఒక జాతిది ఎలా అవుతుందో చెప్పడానికి వాళ్లకు దీనికంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు చీరాల నుంచి ఒక పెద్దమనిషి బయల్దేరి నైజర్ డెల్టాకు వెళ్లి, 'అమ్మా, ఇది మాదే, ఇందులో ఆఫ్రికాది ఏమీ లేదు' అన్నాడనుకోండి. నవ్వుతారు. మనమూ నవ్వుతాం. మర్ఫా విషయంలో మనవాళ్లు చేస్తున్నది సరిగ్గా అదే. సిద్దీలు అరబ్బు డప్పును చేతికి తీసుకుని, దాని మీద ఏ దెబ్బ ఉంచాలో ఏది వదలాలో తమ లెక్క తాము వేసుకుని, పక్కన స్టీలు పాత్ర చేర్చి, కర్రముక్కలు చేర్చి, హైదరాబాద్ వీధికి సరిపడేలా మలుచుకున్నారు. మన తెలియా రుమాలు కూడా ఇలాగే ఏడెన్ రేవు మీదుగా అరబ్బు దేశాలకూ తూర్పు ఆఫ్రికాకూ పోయినదే. రుమాలు వెళ్లిన దారినే దరువు వచ్చింది. వెళ్లినదాన్ని గర్వంగా చెప్పుకుంటాం, పుట్టపాకలో నేసే ఆ తెలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నాం. అదే దారిన వచ్చినదాని దగ్గర మాత్రం సోదా చేస్తాం.

ఇక్కడ నా పక్షంలో ఉన్నామనుకునే వాళ్లకూ రెండు మాటలు చెప్పాలి. మర్ఫా అచ్చంగా ఆఫ్రికా అడవుల నుంచి వచ్చిన ఆదిమ తాళం అని ప్రచారం చేసే పర్యాటక భాష ఒకటి తయారైంది. అది అవతలివాళ్ల మాట కంటే తక్కువ తప్పేం కాదు. ఏసీ గార్డ్స్ సిద్దీలు అడవి మనుషులు కారు. నాలుగైదు తరాలుగా నగరంలో ఉర్దూ మాట్లాడుతూ, తెలుగు మాట్లాడుతూ, ఉద్యోగాలు చేసుకుంటూ, మైదానాల్లో ఆటలాడుకుంటూ ఉన్నవాళ్లు. టోలీచౌకీలో అద్దెకుండే ఆఫ్రికా విద్యార్థులని వాళ్లను పొరబడి 'ఏ దేశం' అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తాత ముత్తాతలు ఇదే ఊళ్లో పుట్టినవాడికి ఆ ప్రశ్న ఎలా ఉంటుందో ఆలోచించుకోవచ్చు. అలాగే బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో మోగే తీన్‌మార్ అంతా మర్ఫా నుంచే పుట్టిందని కొందరు నా తరఫున వాదిస్తుంటారు. నాకు ఆ సాయం వద్దు. తెలంగాణ పల్లెల్లో డప్పు అంతకుముందే ఉంది, దానికి దాని దరువులున్నాయి. ఒకరి చరిత్ర నిలబెట్టడానికి మాదిగ డప్పును పక్కకు నెట్టాల్సిన పని లేదు. రెండూ ఒకే రోడ్డు మీద ఎదురుపడ్డాయి, ఒకదాన్నొకటి విన్నాయి. నగరంలో ఇది రోజూ జరిగేదే.

'పోయింది' అనే వాదం సంగతి చూద్దాం. దేశంలో మిగతా సిద్దీల కళలు ఎలా ఉన్నాయో చూస్తే ఈ మాట అనేవాళ్లు ఇల్లు దాటి వెళ్లలేదని తెలిసిపోతుంది. పక్కనే ఉన్న కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, హలియాళ, యల్లాపుర వైపు సిద్దీ ఆడవాళ్లు కవండి అనే బొంతలు కుడతారు. పాత చీరలు, చొక్కాల ముక్కల్ని అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకుంటూ వస్తారు. నాలుగు మూలల్లో మడిచిన చిన్న గుడ్డముక్కలు, ఫూల అంటారు వాటిని, పెట్టకపోతే బొంత పూర్తయినట్టు కాదు. హెన్రీ డ్రూవాల్ అనే ఆఫ్రికా కళల చరిత్రకారుడు వాటిని చూసి అమెరికా ప్రదర్శనశాలల దాకా తీసుకెళ్లాడు. గుజరాత్‌లో, భరూచ్ దగ్గరి రతన్‌పూర్‌లో బావా గోర్ దర్గా సిద్దీలు గోమా అనే నృత్యం ఆడతారు, మలుంగా అనే విల్లు వాయిద్యాన్ని మీటుతారు. వాళ్లను దేశవిదేశాల వేదికల మీదికి పిలిచారు. మన మర్ఫా వీటికంటే చచ్చిపోయినదేం కాదు, నిజానికి వీటన్నిటికంటే ఎక్కువ రాత్రులు మోగేది అదే. కాకపోతే బొంతను గోడకు వేలాడదీయొచ్చు, చీటీ అంటించొచ్చు. దరువును వేలాడదీయలేం. మన హస్తకళల శాఖలకు, సాంస్కృతిక శాఖలకు మధ్య ఉన్న గోడలో పడి ఇలాంటివి నలిగిపోతాయి. వస్తువైతే ఎంపోరియంకు పోతుంది, సంగీతమైతే రవీంద్రభారతికి పోతుంది, వీధిలో మోగేదైతే ఎక్కడికీ పోదు.

ప్లాస్టిక్ గొడవకు వద్దాం. తోలు వాయిద్యం ఏదైనా వానకు, మంచుకు సడలిపోతుంది, మంట దగ్గర కాచి బిగించుకోవాలి. హైదరాబాద్‌లో పెళ్లిళ్లు వానాకాలంలోనూ అవుతాయి, బరాత్ రాత్రి పూట ట్రాఫిక్ మధ్య నడుస్తుంది. అక్కడ నెగడు వేసుకునే చోటెక్కడ? ప్లాస్టిక్ మూతకు ఆ బాధ లేదు. పని చేసుకునేవాడు పనిముట్టు మార్చుకున్నాడు. దాన్ని సంప్రదాయ భంగం అనేవాళ్లు తాము వినే కర్ణాటక కచేరీలో శ్రుతిపెట్టె కరెంటుతో మోగుతోందని గమనించాలి. ఆఫ్రికా సంతతి వాళ్ల సంగతే తీసుకుంటే, ట్రినిడాడ్‌లో తోలు డప్పుల్ని బ్రిటిష్ ప్రభుత్వం అణచివేసింది. ఆ జనం వెదురు బొంగులు కొట్టారు, తర్వాత డబ్బాలు కొట్టారు, చివరికి చమురు పీపాల్ని సుత్తితో సాగదీసి స్వరాలు పలికించారు. ఆ స్టీల్‌పాన్ ఇప్పుడు ఆ దేశపు జాతీయ వాయిద్యం. టాంజానియాలో 1968 ప్రాంతంలో ఎడ్వర్డ్ సయీది టింగటింగ అనేవాడు సైకిళ్లకు వేసే ఎనామెల్ రంగులతో అట్టల మీద జంతువుల బొమ్మలు వేసి అమ్మాడు. అతని పేరుతోనే ఇవాళ ఒక చిత్రశైలి ఉంది, పర్యాటకులు దాన్ని 'సంప్రదాయ ఆఫ్రికా చిత్రం' అని కొనుక్కుపోతారు. పీపాకు, సైకిల్ రంగుకు అక్కడ దొరికిన మర్యాద మన స్టీలు బిందెకు ఎందుకు దొరకదు?

గోల అనే ఆరోపణకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. రాత్రి పది దాటాక మోత వద్దనే నిబంధన అందరికీ వర్తిస్తుంది, మర్ఫాకూ వర్తించాలి. కానీ కిటికీ అద్దాలు వణికించేది లారీ మీద ఎక్కించిన డీజే పెట్టెలు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో నిషేధించింది ఆ డీజేలనే. పదిమంది మనుషులు చేతులతో చేసే చప్పుడును, మీట నొక్కి వదిలే చప్పుడును ఒకే గంపలో వేసినవాడికి చెవి లేదనుకోవాలి.

మరి 'అసలైన' ఆఫ్రికా కళ చూడాలంటే ఎక్కడికి వెళ్లమంటారు? నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చింది, ఏడో నిజాం ద్వారా మ్యూజియానికి చేరింది, మ్యూజియం మొదలైనది 1930లో. బడిపిల్లలు వరుసలో నిలబడి చూస్తారు, మంచిదే. అయితే దాని గురించి చెప్పే కథలో నైషు అనే రాకుమారి, ఆరో ఫారో కూతురు, మమ్మీ వయసు సుమారు 2,500 ఏళ్లు అని ఒకే ఊపిరిలో చెబుతారు. ఈజిప్టులో ఫారోల రాజ్యం మొదలై 5,000 ఏళ్లు దాటింది. ఆరో ఫారో కూతురైతే వయసు 2,500 ఏళ్లు కాదు, వయసు 2,500 అయితే ఆరో ఫారో కూతురు కాదు. ఇన్ని దశాబ్దాలుగా ఈ లెక్క ఎవరికీ అడ్డు రాలేదు. గాజుపెట్టెలోని ఆఫ్రికా మీద ఏ కథ చెప్పినా నమ్మే నగరం, రెండు మూడు కిలోమీటర్ల అవతల బతికున్న ఆఫ్రికా సంతతిని మాత్రం ఆధారాలు చూపించమంటోంది.

మమ్మీ తర్వాత మాస్కులు. ఫర్నిచర్ దుకాణాల్లో, ఇంటి అలంకరణ సైట్లలో నల్లటి చెక్కమొహాలు 'ఆఫ్రికన్ ఆర్ట్' పేరుతో అమ్ముడుపోతున్నాయి. సోఫా వెనక గోడకు ఒకటి పెట్టుకుంటే అభిరుచి ఉన్నట్టు. ఆఫ్రికాలో మాస్కు ఎక్కడా ఒంటరిగా ఉండేది కాదు. యొరుబా జనం గెలెడె ఉత్సవంలో దాన్ని తల మీద పెట్టుకుంటారు, ఒంటికి గుడ్డలు చుట్టుకుంటారు, డప్పులు మోగుతాయి, పాట నడుస్తుంది, ఊరు చుట్టూ చేరి నవ్వుతుంది, తిట్టుకుంటుంది. అదంతా కలిపి కళ. 1897లో బెనిన్ రాజనగరాన్ని దోచిన బ్రిటిష్ సేనలు ఇత్తడి శిల్పాల్ని ఓడలకెత్తుకుపోయాక, ఐరోపా మ్యూజియాలు వస్తువును మనిషి నుంచి, మోత నుంచి విడదీసి గాజులో పెట్టే అలవాటు మనకూ నేర్పాయి. ఆ అలవాటుతో చూసేవాళ్లకు గోడ మీది చెక్కమొహం కళగా కనిపిస్తుంది, రోడ్డు మీద కదిలే మర్ఫా గుంపు కళగా కనిపించదు. ఆఫ్రికాలో కళ ఎలా ఉంటుందో దానికి దగ్గరగా నిలిచేది మాత్రం రెండోదే. దానికి వేషం ఉంది, కత్తి ఉంది, కర్రసాము ఉంది, చుట్టూ చేరి అడుగు కలిపే జనం ఉన్నారు.

నాంపల్లి నుంచి అఫ్జల్‌గంజ్ వైపు పోతే సిద్దిఅంబర్ బజార్ వస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం దారిలో హబ్సిగూడ ఉంది. ఈ పేర్ల వెనక ఉన్నవాళ్లు హబ్షీలే, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లే. సిద్దిఅంబర్ అనగానే దక్కన్ చరిత్రలో పేరున్న మాలిక్ అంబర్‌ను తెచ్చి అతికించేవాళ్లు కూడా ఉన్నారు. మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడై, అహ్మద్‌నగర్ రాజ్యానికి పీష్వా అయి, 1626లో చనిపోయినవాడు. ఆయన రాజకీయమంతా అహ్మద్‌నగర్, ఔరంగాబాద్ వైపు నడిచింది. పెద్ద పేరు దొరికిందని ప్రతి బజారుకూ తగిలించడం వల్ల సిద్దీలకు ఒరిగేదేమీ లేదు. ఈ నగరంలో వాళ్లకు రాజులు, సేనానులు అక్కర్లేదు, బజారు పేర్లలో మిగిలిన మామూలు మనుషులు చాలు.

కాబట్టి నా ఖండనలో కొంత భాగం సభాధ్యక్షులకు, మిగతాది ఆహ్వానపత్రాలు అచ్చువేయించేవాళ్లకు. ఏటా జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై ఇప్పటి మైదానానికి మారిన ప్రదర్శన అది. అక్కడ ముషాయిరాలు జరుగుతాయి, సంగీత కార్యక్రమాలు జరుగుతాయి. ఒక సాయంత్రం ఏసీ గార్డ్స్ నుంచి, ఇంకో సాయంత్రం బార్కస్ నుంచి మర్ఫా బృందాల్ని పిలవండి. గేటు దగ్గర అతిథికి స్వాగతం పలికించి వెనక్కి పంపడం కాదు, వేదిక ఎక్కించండి. బోర్డు మీద 'అరబ్బీ బ్యాండు' అని రాయొద్దు, 'ఆఫ్రికన్ ట్రైబల్ డ్యాన్స్' అని అసలే రాయొద్దు. బృందం పేరు, వాయించేవాళ్ల పేర్లు, వాళ్ల పేట పేరు రాయండి. ఘజల్ పాడే ఆయనకు ముందే చెక్కు రాసిచ్చినట్టు వీళ్లకూ ముందే రాసివ్వండి, మోగించాక చీకట్లో నిలబెట్టి బేరమాడకుండా.